వెనక డ్రమ్ములు తీసి డిస్కులు: 2000 సివిక్ ప్రాజెక్టు డైరీ

కారు, కారణం

కారు 2000 మోడల్ హోండా సివిక్ ఎల్ఎక్స్. నాలుగు డోర్లు, మాన్యువల్ గేరు, ఏబీఎస్ లేదు. ఉండేది మిషిగన్‌లోని కాంటన్‌లో. ఇక్కడ చలికాలం వస్తే రోడ్ల నిండా ఉప్పే. పక్కనున్న డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతులో, ఉప్పు గనే ఉంది. అందుకే చల్లేవాళ్లకు కొరత లేదు, కార్ల కింద తుప్పుకూ కొరత లేదు.

డ్రమ్ములు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నెలు) విప్పితే షూలు (లోపలి నుంచి వాటికి రాసుకుని ఆపే పట్టీలు) సగం అరిగాయి, అది పెద్ద విషయం కాదు. వాటిని పట్టుకుని ఉండే బ్యాకింగ్ ప్లేట్లే తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. షూను నిలబెట్టే పిన్ను చుట్టూ రేకు వేలితో నొక్కితే రాలిపోతోంది. ప్లేట్లు, డ్రమ్ములు, షూలు, వీల్ సిలిండర్లు, స్ప్రింగులు అన్నీ కొత్తవి వేస్తే 230 డాలర్లు అవుతుందని లెక్క తేలింది. ఎలాగూ వీల్ బేరింగ్ దాకా విప్పాల్సిందే కాబట్టి డిస్కుల వైపు (చక్రంతో తిరిగే పలకను రెండు పక్కలా ప్యాడ్లు నొక్కి ఆపే బ్రేకులు) వెళ్లాను.

ముందే చెప్పేస్తున్నా: కారు తొందరగా ఆగుతుందని మాత్రం ఈ పని పెట్టుకోకండి. అంకెలు కింద ఉన్నాయి, చూసుకోండి.

విప్పకముందు తీసుకున్న కొలతలు:

1. గంటకు 60 మైళ్ల నుంచి పూర్తిగా ఆగడానికి: సగటున 151 అడుగులు (జీపీఎస్ లాగర్, పొడి రోడ్డు, ఒక్కడినే ఉన్నప్పుడు).
2. హ్యాండ్ బ్రేకు: 20 కిలోల లాగుడుకు 9 క్లిక్కులు.
3. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కిందికి దిగేది: 46 మి.మీ.

ఆ 20 కిలోలు నేను అనుకున్న అంకె కాదు. హ్యాండ్ బ్రేకును అంత బలంతో లాగి క్లిక్కులు లెక్కపెట్టమని హోండా సర్వీస్ పుస్తకమే చెబుతుంది. దానికి వేరే పరికరం కొనక్కర్లేదు. అమెరికాలో ఏ తెలుగు ఇంట్లోనైనా సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం ఉంటుంది. 23 కిలోల దగ్గర గ్రాము గ్రాము చూసుకున్న అనుభవం మనకు ఉండనే ఉంది. కొక్కేన్ని లివర్ చివరకు తగిలించి లాగడమే.

మొదటి దశ: పాత కార్ల యార్డులో సామాను

ఈ తరం సివిక్‌కు వెనక డిస్కులు కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. 1999, 2000 సివిక్ ఎస్ఐకి కంపెనీయే డిస్కులు ఇచ్చింది. 1994 నుంచి 2001 దాకా వచ్చిన అక్యూరా ఇంటెగ్రాల వెనక సస్పెన్షన్ కూడా ఇదే పద్ధతిది. దాని ట్రైలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని బాడీకి కలిపే ఇనుప చెయ్యి) నేరుగా సివిక్ బాడీకి బిగుస్తుంది. చక్రానికి నాలుగు బోల్టులు, 100 మి.మీ. వలయం, రెండిటికీ ఒకటే. ఇంటెగ్రా టైప్ ఆర్ మాత్రం వద్దు, అమెరికాలో అమ్మినదానికి ఐదు బోల్టులు.

బ్రాకెట్లు వెల్డింగ్ చేసి ఏదో కారు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) తగిలించే పద్ధతులు చాలా చూశాను. బ్రేకుల దగ్గర ఆ పని నేను చెయ్యను. మొత్తం ఆర్మ్‌నే మార్చేస్తే కాలిపర్ పట్టు, హబ్బు, రోటర్ (డిస్కు పలక) స్థానం అన్నీ కంపెనీ పెట్టిన లెక్కలోనే ఉంటాయి.

యార్డులో ఒక కిటుకు ఉంది. కారు డిక్కీ మీద డీలర్ స్టిక్కర్ చూడండి. నాకు దొరికిన ఇంటెగ్రా మీద టెక్సాస్ ఊరి పేరు ఉంది. కింద దూరి చూస్తే బోల్టుల మీద పసుపు పూత ఇంకా కనిపిస్తోంది. ఇక్కడే పుట్టి పెరిగిన కారు నుంచి ఆర్మ్ తెచ్చుకుంటే మన తుప్పుకు పక్కింటి తుప్పు తోడవుతుంది, అంతే.

తెచ్చినవి: రెండు ట్రైలింగ్ ఆర్ములు (హబ్బులు, కాలిపర్లు, డస్ట్ షీల్డులతో సహా) 120 డాలర్లు. హ్యాండ్ బ్రేకు కేబుళ్లు 20. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టేది), బూస్టర్ (కాలి బలాన్ని పెంచేది) కలిపి 45. ప్రపోర్షనింగ్ వాల్వ్ 15.

కేబుళ్లు తప్పనిసరి, డ్రమ్ము కేబుల్ చివర డిస్క్ కాలిపర్‌కు తగలదు. వాల్వ్ కూడా తప్పనిసరే. ఎందుకో నాలుగో దశలో చెబుతాను.

ఇప్పటిదాకా: 200 డాలర్లు.

రెండో దశ: బల్ల మీద పని

రోటర్లు ఊడదీయడానికి ముందు రెండు చిన్న స్క్రూలు వస్తాయి. హోండా కార్ల మీద పనిచేసిన వాళ్లందరికీ వాటితో పాత పగ ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కావాలి. అందులో కూడా జపాన్ కొలతల బిట్ అయితేనే గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. నాలుగింటిలో మూడు వచ్చాయి, నాలుగోదాని తల డ్రిల్లుతో తీసేయాల్సి వచ్చింది.

రోటర్ కొలతలు: వ్యాసం 239 మి.మీ., కొత్తది 9 మి.మీ. మందం, 8 కన్నా తగ్గితే పారేయాలి. యార్డువి వెర్నియర్‌తో కొలిస్తే 8.1, 8.3. పారేశాను.

కాలిపర్ల దగ్గర అసలు సమస్య వచ్చింది. ఈ కాలిపర్లకు పెడల్ బ్రేకు, హ్యాండ్ బ్రేకు రెండూ ఒకే పిస్టన్ మీద పనిచేస్తాయి. వెనకాల చిన్న లివర్ ఉంటుంది. కేబుల్ లాగితే అది తిరిగి, లోపలి మర పిస్టన్‌ను ముందుకు నెడుతుంది. కేబుల్ వదిలేస్తే స్ప్రింగు లాగి లివర్‌ను దాని ఆపుడు పిన్నుకు ఆనించాలి. ఎడమది ఆనింది. కుడిది సగంలో ఆగిపోయింది. నూనె పోసి ఆడిస్తే కదిలింది గానీ రాత్రి గడిచేసరికి మళ్లీ బిగుసుకుంది. అలాంటిది బిగిస్తే బ్రేకు పట్టుకునే ఉంటుంది, రోటర్ కాలిపోతుంది. రెండూ ఇచ్చేసి, బాగుచేసి అమ్మే కాలిపర్ల జత తీసుకున్నాను.

ఆర్మ్‌కు ముందువైపు ఉండే పెద్ద రబ్బరు బుష్ రెండు వైపులా చిరిగి ఉంది. పాతదాని మధ్య పిన్ను ఆర్మ్‌తో ఏ కోణంలో ఉందో పెయింట్ మార్కర్‌తో గీత పెట్టి, ఆ తర్వాతే ప్రెస్ చేశాను. కోణం తేడా వస్తే కారు నిలబడి ఉన్నప్పుడే రబ్బరు మెలిపడి ఉంటుంది, రెండేళ్లకే చిరుగుతుంది.

ప్యాడ్లు వేసేటప్పుడు వరుస ఇది:

1. పిస్టన్‌ను సీ-క్లాంపుతో నొక్కకూడదు. లోపల మర ఉంది, విరుగుతుంది.
2. పిస్టన్ ముఖం మీద ప్లస్ ఆకారపు గాడి ఉంటుంది. అందులో పరికరం పెట్టి కుడివైపు తిప్పుతూ లోపలికి పంపాలి.
3. ఆఖరున గాడిని లోపలి ప్యాడ్ వెనకున్న బుడిపెకు ఎదురుగా తెచ్చి ఆపాలి. బుడిపె గాడిలో కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా అరుగుతుంది.
4. గైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

ఖర్చు: బుష్‌లు 48, రోటర్లు 52, ప్యాడ్లు 30, కాలిపర్లు 118, హోసులు 34, పెయింటు, వైరు బ్రష్‌లు 27. ఈ దశకు 309.

ఇప్పటిదాకా: 509 డాలర్లు.

మూడో దశ: పాత ఆర్ములు ఊడదీయడం

మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. ఆర్మ్ ముందు బుష్‌ను బాడీకి పట్టుకునే రెండు బోల్టులు, బాడీ లోపల వెల్డ్ చేసిన నట్లలోకి వెళ్తాయి. ఆ నట్లు బయటికి కనిపించవు, స్పానర్ పెట్టే దారి లేదు. అక్కడ బోల్టు తెగితే పని బ్రేకుల నుంచి బాడీ రిపేరుకు మారిపోతుంది.

గ్యాస్ టార్చితో వేడిచేయమని ప్రతి మెకానిక్కూ చెబుతాడు. వెనక సీటు కింద పెట్రోల్ ట్యాంకు ఉంది, ఆ బోల్టులకు దగ్గర్లోనే. మంట వద్దనుకుని, తీగచుట్టలో కరెంటు పంపి వేడిచేసే ఇండక్షన్ హీటర్ ఒక మిత్రుడి షెడ్డు నుంచి అరువు తెచ్చాను. అది ఇనుమును ఎర్రగా చేస్తుంది, మంట మాత్రం ఉండదు. అయినా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే పెట్టుకోండి, వేడికి రబ్బరు అంటుకోవచ్చు.

ఎడమవైపు రెండూ వచ్చాయి. కుడివైపు ఒకటి వచ్చింది, రెండోదాని తల తెగింది. ఆర్మ్‌ను పక్కకు లాగేశాక బోల్టు మొండెం ఓ సెంటీమీటరు బయటికి మిగిలింది. వేడిచేయడం, నూనె పట్టించడం, వైస్-గ్రిప్‌తో పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఒకే దిక్కుకు బలవంతం చేస్తే మొండెం కూడా తెగేది. బయటికి వచ్చాక సరిపడే సైజు ట్యాప్‌తో లోపలి మర శుభ్రం చేశాను.

వెనక చక్రాల టో కోణాన్ని (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) నిర్ణయించే చిన్న కాంపెన్సేటర్ ఆర్మ్ బోల్టు గాడిలో జరుగుతుంది. విప్పకముందే అది ఏ స్థానంలో ఉందో గీత గీసుకోండి. లేకపోతే అలైన్‌మెంట్ షాపు దాకా కారు పీతలా నడుస్తుంది.

కింది ఆర్మ్ బోల్టులు మాత్రం బుష్ లోపలి గొట్టంతో ఏకమైపోయాయి. తల తిరుగుతోంది, దాంతోపాటు రబ్బరూ తిరుగుతోంది. రంపం పెట్టి రెండు పక్కలా కోసేశాను. బుష్‌లు పోయాయి కాబట్టి అదే టెక్సాస్ ఇంటెగ్రా నుంచి కింది ఆర్ములు కూడా తెచ్చాను. యార్డుకు మొదటిసారి వెళ్లినప్పుడే వాటిని కూడా తెచ్చుకుంటే మీకు రంపం పని తప్పుతుంది.

బిగించేటప్పుడు బుష్ బోల్టులన్నీ వదులుగా ఉంచి, జాకీతో ఆర్మ్‌ను కారు బరువు పడేంత ఎత్తుకు లేపి, అప్పుడు టార్క్ చేయాలి. ముందు బుష్ బోల్టులకు 64 న్యూటన్ మీటర్లు, కాలిపర్ బ్రాకెట్‌కు 38, హోసు బాంజో బోల్టుకు 34, చక్రం నట్లకు 108.

ఖర్చు: డీలర్ దగ్గర కొత్త బోల్టులు 38, తుప్పు నూనె 14, రంపం బ్లేడ్లు 24, కింది ఆర్ములు 30. మొత్తం 106.

ఇప్పటిదాకా: 615 డాలర్లు.

నాలుగో దశ: వాల్వ్, పైపులు

బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. అప్పుడు వెనక ప్రెషర్ కూడా ముందుతో సమానంగా పెరిగితే వెనక చక్రాలు ముందు లాక్ అవుతాయి, కారు తిరిగిపోతుంది. కొంత ప్రెషర్ దాటాక వెనక్కి వెళ్లేదాన్ని తగ్గించి పంపడమే ప్రపోర్షనింగ్ వాల్వ్ పని. డ్రమ్ములకు ఒక లెక్క, డిస్కులకు వేరే లెక్క. డ్రమ్ములో షూ తిరిగే డ్రమ్ముతో పాటు లోపలికి గుంజుకుని తనే బలం పెంచుకుంటుంది. డిస్కుకు ఆ గుణం లేదు. అందుకే దాని పిస్టన్ పెద్దది. ఈ కాలిపర్ పిస్టన్ 30 మి.మీ., అంటే 707 చదరపు మి.మీ. డ్రమ్ము వీల్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం అందులో సుమారు మూడో వంతు.

పాత వాల్వే ఉంచేసి నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. మామూలుగా నడిపితే తేడా తెలియదు కూడా. తేడా తెలిసే రోజున వాన కురుస్తుంటుంది, ముందు లారీ ఉంటుంది. డిస్క్ కార్ల వాల్వ్ మీద 4040 అని ముద్ర ఉంటుంది, యార్డులో అది చూసి తీసుకోండి.

వాల్వ్‌కు వచ్చే పైపుల నట్లు మామూలు స్పానర్‌తో విప్పకూడదు, మూలలు అరుగుతాయి. 10 మి.మీ. ఫ్లేర్ నట్ స్పానర్ కావాలి. అది ఉన్నా కుడి వెనక పైపు నట్టుతో పాటు మెలితిరిగి చీలింది. లోపల తుప్పు తప్ప ఇనుము మిగల్లేదు. మిగతా పొడవు చూస్తే అదే కథ. వెనక పైపులు రెండూ కొత్తగా నికెల్-కాపర్ ట్యూబుతో చేశాను. చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. 3/16 అంగుళాల ట్యూబు, ఎం10×1.0 నట్లు, చివర డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా వెడల్పు చేసిన అంచు). ఫ్లేర్ చేయకముందే నట్టు ఎక్కించాలని ఎవరైనా గుర్తుచేస్తే విసుక్కోకండి.

ఖర్చు: ట్యూబు 32, నట్లు 9, బ్రేకు ఆయిల్ 24. మొత్తం 65.

ఇప్పటిదాకా: 680 డాలర్లు.

ఐదో దశ: పెడల్ దిగిపోతోంది

ముందు పాత మాస్టర్ సిలిండర్‌తోనే చూడాలనుకున్నాను. అది మార్చకపోయినా పర్వాలేదనే వాదన ఎంతవరకు నిజమో కొలవాలి కదా. బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి మా బావమరిది పెడల్ దగ్గర, నేను కింద.

"తొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."

"బావా, ఇది నేలకు తగిలేలా ఉంది. నిజంగానే గాలి పోయిందా?"

పోయింది, బుడగ ఒక్కటి రావడం లేదు. అయినా పెడల్ 81 మి.మీ. దిగుతోంది. నాలుగు హోసుల మీద క్లాంపులు బిగిస్తే రాయిలా గట్టిపడింది. ముందువి తీశాను, ఇంకా గట్టిగానే ఉంది. ఎడమ వెనకది తీశాను, గట్టిగానే ఉంది. కుడి వెనకది తీయగానే దిగింది. అంటే సమస్య కుడి వెనక కాలిపర్‌లోనే.

అక్కడ లివర్ చూస్తే ఆపుడు పిన్నుకు ఆనడం లేదు, మధ్యలో 3 మి.మీ. ఖాళీ. కాలిపర్ కొత్తదే, స్ప్రింగు బాగానే ఉంది. కేబుల్‌ను పట్టుకునే బ్రాకెట్ యార్డులోనే కాస్త వంగి ఉండటంతో కేబుల్ ఎప్పుడూ లాగినట్టే ఉంటోంది. లివర్ పూర్తిగా వెనక్కి వెళ్లకపోతే లోపలి ఆటోమేటిక్ అడ్జస్టర్ పనిచేయదు. ప్యాడ్‌కూ రోటర్‌కూ మధ్య ఖాళీ అలాగే ఉండిపోతుంది, దాన్ని నింపడానికే పెడల్ దిగుతుంది. పిస్టన్ ఒక్క మి.మీ. అదనంగా జరగాలంటే 0.7 సీసీ ఆయిల్ కావాలి, చిన్న మాస్టర్ సిలిండర్‌కు అది తక్కువేం కాదు.

సరిచేసిన వరుస:

1. హ్యాండ్ బ్రేకు లివర్ కింద ఉన్న అడ్జస్టింగ్ నట్టు పూర్తిగా వదులు చేయడం.
2. బ్రాకెట్ వంకర తీయడం. రెండు లివర్లూ పిన్నులకు ఆనాయని కళ్లతో చూసుకోవడం.
3. ఇంజిన్ ఆన్ చేసి, పెడల్ పైకి రావడం ఆగేదాకా నెమ్మదిగా తొక్కుతూ ఉండటం.
4. ఆ తర్వాతే కేబుల్ బిగించడం.

పెడల్ 68కి వచ్చింది. అక్కడితో ఆగింది.

ఇక మాస్టర్ సిలిండర్. సైజు కాస్టింగ్ పక్కనే పోత పోసి ఉంటుంది. పాతదాని మీద 13/16, ఇంటెగ్రాదాని మీద 15/16. వైశాల్యాలు 334, 445 చదరపు మి.మీ. పెడల్ అంతే దూరం దిగితే మూడో వంతు ఎక్కువ ఆయిల్ వెళ్తుంది. కానీ అదే కాలి బలానికి ప్రెషర్ నాలుగో వంతు తగ్గుతుంది. ఆ లోటు కొంత పూడుతుందనే బూస్టర్‌ను కూడా జతగా తెచ్చాను. బూస్టర్ పుష్‌రాడ్‌కు, సిలిండర్ పిస్టన్‌కు మధ్య ఖాళీ 0 నుంచి 0.4 మి.మీ. ఉండాలి. అసలు ఖాళీ లేకుండా నొక్కుకుని ఉంటే ఆయిల్ వెనక్కి వచ్చే రంధ్రం తెరుచుకోదు, నడుస్తున్న కొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

కొత్తది వేశాక పెడల్: 52 మి.మీ. డ్రమ్ముల కాలం నాటి 46 కన్నా ఇంకా 6 ఎక్కువే, కానీ కాలికి గట్టిగా ఉంది. పాతదానితో కూడా కారు ఆగుతుంది, నిజమే. 68 మి.మీ. పెడల్‌తో ఇంట్లోవాళ్లను మాత్రం నడపనివ్వలేను.

ఆరో దశ: పరీక్షలు

కొత్త ప్యాడ్లను ముందు మధ్యస్థ వేగాల నుంచి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ కుదుర్చాను. తర్వాత తడిసిన ఖాళీ పార్కింగ్ స్థలంలో బావమరిది బయట నిలబడి చూశాడు. గట్టిగా తొక్కితే ముందు చక్రాలే మొదట లాక్ అయ్యాయి. కావాల్సింది అదే.

60 మైళ్ల నుంచి ఆగిన దూరం, అవే టైర్లు, అదే రోడ్డు: సగటున 149 అడుగులు. ముందు 151. ఆ రెండడుగులూ గాలి వాటంలో పోయే తేడా. కారు బరువులో 60 శాతం పైనే ముందుంది, ఆగేటప్పుడు ఇంకా ముందుకే వాలుతుంది. ఆఖరి నిర్ణయం టైర్లది. టైర్లు లాక్ చేయగల బ్రేకు ఏదైనా ఒక్కసారికి ఒకటే.

హ్యాండ్ బ్రేకు: 20 కిలోలకు 7 క్లిక్కులు. అంకె మెరుగైనా పట్టు తగ్గింది. పార్కింగ్ గ్యారేజీ వాలు మీద డ్రమ్ములతో కదలని కారు, డిస్కులతో మొదటి వారం అంగుళం అంగుళం జారింది. ప్యాడ్లు కుదిరాక ఆగింది. కొండ ఊళ్లో ఉండేవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించుకోవాలి. నేనైతే గేరులో కూడా పెట్టి దిగుతున్నాను.

అలైన్‌మెంట్ 100 డాలర్లు. మొత్తం: 780. డ్రమ్ములే మళ్లీ వేసుంటే అయ్యే 230 తీసేస్తే, డిస్కుల కోసం పెట్టిన అదనం 550. దానికి వచ్చింది: చక్రం తీస్తే ప్యాడ్ ఎంత మిగిలిందో కంటికి కనిపించడం, తుప్పులో ఇరుక్కునే స్ప్రింగులు లేకపోవడం, కొత్త పైపులు. తుప్పు పట్టని ఊళ్లో, బ్యాకింగ్ ప్లేట్లు బాగున్న కారుకు నేను ఈ పని చేయను.

మిషిగన్‌లో సొంత కార్లకు ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు. పెన్సిల్వేనియా లాంటి చోట్ల ఉంది, అక్కడివాళ్లు ముందే షాపులో అడగండి. హైదరాబాద్, విజయవాడల్లో స్విఫ్ట్‌కో బాలెనోకో ఇలా చేద్దామనుకునేవాళ్లకు ఇంకో విషయం: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. బ్రేకుల మీద చెయ్యి వేసేముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కాగితం మీద తేల్చుకోండి.

మిగిలిన పనులు

1. కుడి డస్ట్ షీల్డ్ మలుపుల్లో రోటర్‌కు రాసుకుంటోంది, 2 మి.మీ. వెనక్కి వంచాలి.
2. 500 మైళ్ల తర్వాత ముందు బుష్ బోల్టుల టార్క్ మళ్లీ చూడాలి, ముఖ్యంగా మర శుభ్రం చేసిన కుడివైపుది.
3. చలికాలం మొదలవకముందు హ్యాండ్ బ్రేకు కేబుళ్ల రబ్బరు తొడుగులకు గ్రీజు పెట్టాలి. నీళ్లు దూరి గడ్డకడితే లివర్ మళ్లీ సగంలోనే ఆగుతుంది.